మట్టిలోంచి వచ్చిన చుక్కల మందు



ఊరగాయ జాడీ మూత తీసేసరికి పైన తెల్లటి బూజు కనిపిస్తే ప్రాణం ఉసూరుమంటుంది కదూ! అలాంటి బూజే కంట్లోనూ పడుతుందంటే నమ్ముతారా? 1879లో లెబర్ అనే జర్మన్ కంటి వైద్యుడు ఈ సంగతి రాసిపెట్టాడు. ధాన్యం నూరుస్తున్న ఓ రైతు కంట్లో పొట్టు ఎగిరిపడి, నల్లగుడ్డు మీద పుండు పడింది. ఆ పుండులో దొరికింది బూజు.

మన వరికోతల్లోనూ ఇది మామూలే. వరి ఆకు కోసుకున్నా, ధాన్యం పొట్టు పడినా చాలు. చివరికి "కంట్లో పువ్వు వేసింది" అనుకుని ఊరుకునేవారు. పెన్సిలిన్ వచ్చినా లాభం లేకపోయింది. పెన్సిలిన్ పుట్టిందే బూజులోంచి. అది బూజునేం చేస్తుంది?

దారి చూపింది ఇద్దరు ఆడవాళ్ళు. న్యూయార్కులో ఎలిజబెత్ హేజెన్ మట్టిలోని సూక్ష్మజీవులను పెంచి, అక్కడి ఇల్లాళ్ళు పళ్ళు నిలవచేసుకునే గాజు జాడీల్లో పెట్టి, ఆల్బనీలో ఉన్న రేచెల్ బ్రౌన్‌కు పోస్టులో పంపేది. ఆవిడ వాటిలోంచి మందు పదార్థం విడదీసేది. 1950లో నిస్టాటిన్ అలా బయటపడింది. దానిమీద వచ్చిన లక్షల డాలర్ల రాయల్టీలో తమకంటూ పైసా ఉంచుకోకుండా సైన్సు పరిశోధనకే ఇచ్చేశారు!

అయితే కంటి పుండుకు అది చాలలేదు. 1955లో దక్షిణాఫ్రికాలోని నటాల్ మట్టిలో హాలెండు శాస్త్రజ్ఞులకు నాటమైసిన్ దొరికింది. జున్నుగడ్డలకు బూజు పట్టకుండా పూసేదీ అదే! కంటి చుక్కలుగా అమెరికాలో 1978లో అనుమతి వచ్చింది. బూజు కణం పైపొరలో మాత్రమే ఉండే ఒక కొవ్వును పట్టుకుంటుంది కనుక మన కణాల జోలికి పోదు. నీళ్ళలో కరగదు, అందుకే సీసా బాగా కుదిపి వేయాలి. మొదట్లో గంట గంటకూ, ఆ తర్వాత వారాల తరబడి. ఓపిక కావాలండీ!

ఆ తర్వాత వోరికొనజోల్ అనే కొత్త మందు వచ్చింది. మదురై అరవింద్ కంటి ఆసుపత్రుల్లో 323 మంది రోగుల మీద రెండింటినీ పోల్చి చూశారు. 2013లో ఫలితం వెలువడింది. గెలిచింది పాత నాటమైసినే!

మరి చూపు పోవడమెందుకు? కన్ను ఎర్రబడగానే మందుల షాపులో ఏవో చుక్కలు అడిగి తెచ్చేస్తాం. అందులో స్టిరాయిడ్ ఉందా, ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల బూజు అడ్డూ ఆపూ లేకుండా పాకుతుంది. డాక్టరైతే పుండును కాస్త గీకి మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తాడు. బూజు పోగులు కనిపిస్తే అప్పుడు నాటమైసిన్ రాస్తాడు.