పెరిస్టాల్సిస్: పరిశోధనల చరిత్ర

మింగిన ముద్దను గొంతు నుంచి చివరిదాకా నడిపించే అలలాంటి కండరాల కదలికే పెరిస్టాల్సిస్. అన్నవాహిక, జీర్ణాశయం, పేగుల గోడల్లో కండరాల వరసలు ఉంటాయి. అడ్డంగా చుట్టుకొని ఉన్నవి ముద్దకు వెనక బిగుసుకుంటాయి. ముందున్న భాగం సడలి దారి ఇస్తుంది. దీనికి భూమ్యాకర్షణ సాయం అక్కర్లేదు, శీర్షాసనంలో గుక్కెడు నీళ్లు తాగినా కడుపులోకే చేరతాయి. ఈ కదలికకు ఆజ్ఞ ఎక్కడి నుంచి వస్తుందన్నదే శాస్త్రజ్ఞులను చాలాకాలం సతాయించిన ప్రశ్న.

ఆయుర్వేదం ఈ పనిని వాతానికి అప్పగించింది. ప్రాణవాయువు అన్నాన్ని లోపలికి పంపుతుంది, అపానవాయువు మలాన్ని కిందికి తోస్తుంది. రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు గేలెన్, బతికి ఉన్న జంతువుల పొట్ట కోసి పేగుల కదలికను కళ్లారా చూశాడు. అయినా కారణం దగ్గరకొచ్చేసరికి, అవయవాలకు ఆకర్షించే శక్తీ విసర్జించే శక్తీ సహజంగానే ఉంటాయనేశాడు. ఆ మాట మీద యూరప్ వైద్యం శతాబ్దాలు గడిపింది. 1674లో ఇంగ్లండ్‌లో థామస్ విల్లిస్ అన్నవాహిక కిందిభాగం తెరుచుకోని ఒక రోగి గురించి రాశాడు. ఆ రోగి తిమింగలపు ఎముక పుల్లకు స్పాంజి కట్టుకొని, తిన్నదాన్ని తానే లోపలికి తోసుకుంటూ ఏళ్ల తరబడి బతికాడట.

1822లో అమెరికాలోని మాకినా దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకీ గుండు తగిలి, కడుపుకు పడిన రంధ్రం పూడకుండా ఉండిపోయింది. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ అందులోంచి థర్మామీటరు దింపితే, కడుపు దాన్ని పట్టి లోపలికి లాక్కునేది. 1833లో ఆయన అచ్చువేసిన పుస్తకం జీర్ణరసాలకు పేరుపొందింది కానీ, కదలికల గురించి చెప్పినదీ తక్కువేం కాదు.

జవాబుకు దారి చూపింది సూక్ష్మదర్శిని. 1857లో మైస్నర్, 1860లలో ఆవర్‌బాక్ పేగు గోడల పొరల మధ్య నాడీకణాల వలలను వర్ణించారు. 1899లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ మత్తులో ఉన్న కుక్కల పేగుకు బయటి నుంచి వచ్చే నాడులను తెంచి చూశారు. పేగును ఒకచోట ప్రేరేపిస్తే పైన బిగుసుకొని కింద సడలింది. మెదడుతో సంబంధం తెగినా పని ఆగలేదన్నమాట. వాళ్లు దీన్ని ‘పేగు నియమం’ అన్నారు. 1921లో లాంగ్లీ ఈ నాడుల అల్లికను ప్రత్యేక వ్యవస్థగా గుర్తించి పేరు పెట్టాడు.

అయితే మనసుకు అసలు ప్రమేయమే లేదనుకుంటే పొరపాటు. ఎక్స్‌కిరణాలు బయటపడిన మరుసటి ఏడాదే, 1896లో, హార్వర్డ్‌లో ఇంకా వైద్యవిద్యార్థిగా ఉన్న వాల్టర్ కానన్ జంతువులకు బిస్మత్ కలిపిన మేత పెట్టి లోపలి నీడలు చూడటం మొదలుపెట్టాడు. పిల్లి కడుపులో నిమిషానికి సుమారు 6 అలలు లెక్కించాడు. పిల్లికి కోపమొచ్చి పెనుగులాడితే అలలు ఠక్కున ఆగిపోయేవి. నిమిరి శాంతింపజేస్తే మళ్లీ సాగేవి. భయానికి ఒళ్లంతా ఎలా స్పందిస్తుందన్న ఆయన ప్రసిద్ధ పరిశోధనలకు బీజం ఇక్కడే పడింది.

ఈ అలలకు లయ ఎక్కడి నుంచి వస్తుందన్నది ఇంకా ఆలస్యంగా తేలింది. కహాల్ అనే శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దం చివర్లో చూసి నాడీకణాలే అనుకున్న కణాలు నిజానికి విద్యుత్ లయను పుట్టించేవని 1990లలో జన్యులోపమున్న ఎలుకల ద్వారా రుజువైంది. మనిషి జీర్ణాశయంలో ఆ లయ నిమిషానికి 3, ఆంత్రమూలంలో 12. తిండి లేని వేళ సుమారు గంటన్నరకోసారి పేగును ఊడ్చే మరో అల ఉంది. దాన్ని 1969లో కుక్కల్లో నమోదు చేశారు. ఏదో ఒకటి నములుతూ ఉండేవాళ్లకు ఆ ఊడుపు అందదు.

ఈ చరిత్రలో నేరుగా ప్రాణాలు కాపాడిన అధ్యాయం డెన్మార్క్ వైద్యుడు హిర్ష్‌స్ప్రంగ్‌ది. పెద్దపేగు విపరీతంగా ఉబ్బి చనిపోయిన పసివాళ్ల గురించి 1886లో ఆయన చెప్పాడు. లోపం ఉబ్బిన భాగానిదేనని అందరూ భావించారు. తీరా చూస్తే తప్పు దాని కింద మామూలుగా కనబడే ముక్కది: అందులో నాడీకణాలే లేవు, కాబట్టి అది సడలదు. 1948లో అమెరికాలో స్వెన్‌సన్ ఆ ముక్కను తీసేసి, పై పేగును కిందికి లాగి కుట్టే శస్త్రచికిత్సను ప్రకటించాడు. పుట్టిన రెండు రోజుల్లో తొలి విసర్జన కాని పాపాయికి ఈ జబ్బేమోనని అనుమానం వస్తే, నేటికీ పురీషనాళం నుంచి చిన్న తునక తీసి, నాడీకణాలు ఉన్నాయా లేవా అని సూక్ష్మదర్శిని కింద వెతుకుతారు.