నెయిల్ పాలిష్ ఉంటే ఆక్సిమీటర్ రీడింగ్ తప్పుతుందా? వేలికి పెట్టే ముందు ఇవి చూడండి

హైదరాబాద్ ఫిల్మ్‌నగర్, మధురానగర్ వైపు షూటింగ్ అయినా, పెళ్లయినా గోళ్లకు రంగు పడాల్సిందే. ఆషాఢం వస్తే గోరింటాకు ఉండనే ఉంటుంది. అయితే ఆయాసంగా ఉందని పల్స్ ఆక్సిమీటర్ పెడితే 92 చూపించిందనుకోండి. అది ఊపిరితిత్తుల సమస్యా, గోటి రంగు పనా? కరోనా టైంలో ఇళ్లకు చేరిన ఈ చిన్న మిషన్ వాడే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన విషయమిది.

ఎలా పనిచేస్తుంది?
క్లిప్‌లో ఒకవైపు నుంచి ఎర్ర కాంతి, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతి గోరు మీదుగా వేలిలోకి వెళ్తాయి. ఎంత కాంతి బయటికొచ్చిందో రెండోవైపు సెన్సర్ కొలుస్తుంది. ఆక్సిజన్ తక్కువున్న రక్తం ఎర్ర కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆ తేడాతోనే శాతం లెక్కేస్తుంది. మధ్యలో గోటి రంగు కూడా కాంతిని పీల్చేస్తే లెక్క తప్పొచ్చు.

ఏ రంగుతో ఇబ్బంది?
నీలం, ఆకుపచ్చ, నలుపు రంగులు రీడింగ్‌ను తగ్గించి చూపినట్లు 1988 నాటి ఓ అధ్యయనంలో తేలింది. ఎరుపుతో పెద్దగా తేడా రాలేదు. తర్వాతి పరిశీలనల్లో చాలావరకు తేడా 2 శాతం లోపే ఉంది. ఎర్రగా పండిన గోరింటాకుతో సమస్య తక్కువే. నల్ల హెన్నా దట్టంగా ఉంటే మాత్రం ఒక్కోసారి రీడింగే రాదు.

అసలు ప్రమాదం ఇదీ
"పాలిష్ వల్లేలే" అని తక్కువ రీడింగ్‌ను కొట్టిపారేయడమే పెద్ద ముప్పు. 97 ఉండాల్సింది 95 చూపిస్తే రంగు కారణం కావచ్చు. 88 చూపిస్తే ఆ నెపం రంగు మీద వేయకూడదు.

ఇలా చేయండి
* ఒక్క వేలికైనా రంగు పూర్తిగా తీసేయండి. రిమూవర్ లేకపోతే రంగు లేని కాలివేలికి పెట్టి చూడండి.
* జెల్, అతికించిన గోళ్లున్న వేళ్లు వద్దు.
* చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచండి. కదలకుండా కూర్చుని, అంకె నిలకడగా వచ్చాకే రాసుకోండి.

గోటి రంగుతో పాటు ముదురు చర్మపు రంగు, చల్లటి చర్మం, పొగతాగే అలవాటు కూడా కచ్చితత్వాన్ని దెబ్బతీయొచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరించింది. అందుకే అంకె బాగున్నా ఆయాసం పెరుగుతుంటే, పెదాలు నీలిరంగులోకి మారితే రిమూవర్ కోసం వెతకొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.