నౌబత్ పహాడ్ నుంచి ఫలక్‌నుమా దాకా

హైదరాబాద్‌లో గొప్ప హోటళ్ల చరిత్ర తవ్వితే ఏదో ఒక దేవిడీ, అంటే ప్రభువుల భవంతి, బయటపడుతుంది. నిన్నటి రిట్జ్ అంతే, నేటి ఫలక్‌నుమా అంతే. రెండూ నిజాములు కట్టించినవి కావు. వాళ్ల కొలువులోని పెద్దలు కట్టించి, చివరికి నిజాముకే అప్పగించినవి.

‘పైగా’ అనే ప్రభు వంశానికి చెందిన వికార్ ఉల్ ఉమ్రా 1884లో ఫలక్‌నుమాకు పునాది వేశాడు. ఆ దర్జా ఆయన శక్తికి మించిపోయి, 1897లో అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పరమైంది. ఆయన 1911లో కన్నుమూసిందీ అక్కడే. ఏడో నిజాం దాన్ని అతిథులకు వదిలేశాడు. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేసి వెళ్లాక అటువైపు చూసినవాళ్లు తక్కువ.

నాకు మాత్రం రిట్జ్ కథే ఎక్కువ ఇష్టం. న్యాయమూర్తి, ఇంగ్లిష్‌లో కవిత్వం రాసిన నిజామత్ జంగ్ కేంబ్రిడ్జిలో తాను చదివిన ట్రినిటీ కాలేజీని తలపించేలా 1915లో నౌబత్ పహాడ్ పక్కన హిల్ ఫోర్ట్ కట్టించుకున్నాడు. 1929లో దాన్ని నిజాముకు అమ్మేశాడు. ఏడో నిజాం రెండో కొడుకు మొఅజ్జం జా, 1931లో ఆయన్ని పెళ్లాడి వచ్చిన ఒట్టోమన్ రాకుమారి నీలోఫర్ అందులో కాపురం పెట్టారు. మొఅజ్జం జా పగలు నగరాభివృద్ధి బోర్డు పెద్ద, రాత్రి ‘షజీ’ అనే కలంపేరున్న షాయర్. ఆ రాత్రి కొలువుల గురించి సిద్ఖ్ జాయసీ ఉర్దూలో ఒక పుస్తకమే రాశాడు.

రాజ్యం పోయాక, 1950లలో ఆ గదుల్లోకే రిట్జ్ హోటల్ వచ్చింది. శాసనసభ కూతవేటు దూరం. ఇక గిరాకీకి లోటేముంటుంది? తర్వాత బంజారాహిల్స్ వైపు స్టార్ హోటళ్లు లేచాయి. 1990ల చివరికి రిట్జ్ మూతపడి, భవనం ప్రభుత్వం చేతిలో మిగిలింది.

సరిగ్గా అప్పుడే అటు తాళం తెరుచుకుంది. తాజ్ సంస్థ 2000లో ఫలక్‌నుమాను లీజుకు తీసుకుంది. నిజాం కుటుంబానికి చెందిన రాకుమారి ఎస్రా దగ్గరుండి చేయించిన మరమ్మతులకు పదేళ్లు పట్టింది. 2010 నవంబరులో హోటల్‌గా తలుపులు తెరిచింది. 2017లో ప్రధాని మోదీ ఇవాంకా ట్రంప్‌కు విందు ఇచ్చింది అక్కడి 101 కుర్చీల బల్ల దగ్గరే. పనివాళ్ల వెంటపడి అడిగే ఇంటి మనిషి ఉండటమే ఫలక్‌నుమాకు దక్కిన అదృష్టమని నా లెక్క. హిల్ ఫోర్ట్‌కు అలాంటివాళ్లు లేరు. దాన్ని బాగుచేయించమని వారసత్వ కట్టడాల ప్రేమికులు హైకోర్టు గడప ఎక్కాల్సి వచ్చింది.