తొట్టిలో దోమల చేప: ఎక్కడిది, ఎవరి కోసం వచ్చింది?

ఈసారి పోస్టు చేప గురించి. కూర వండుకునే చేప కాదు, చిటికెన వేలు దాటని దోమల చేప. హాస్టల్ వెనక సిమెంటు తొట్టెల్లో, పాత బావుల్లో, పచ్చబడిన నీళ్ళలో తిరుగుతూ ఉంటుంది. మలేరియా వాళ్ళు బకెట్లో తెచ్చి పోసి వెళ్తారు. అదెక్కడిదో ఎవరూ చెప్పరు, మనమూ అడగం. మేము కొంతమందిమి కూర్చుని చదివింది ఇక్కడ పెడుతున్నాం.

దాని పేరు గంబూసియా. సొంత ఊరు అమెరికా దక్షిణ ప్రాంతం. 1854లో పోయె అనే క్యూబా శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. క్యూబాలో 'గంబూసినో' అంటే దేనికీ పనికిరానిది అని అర్థమట. వలేస్తే ఏమీ పడకపోతే గంబూసినోలు పట్టాం అనుకునేవాళ్ళట. పనికిరానిదన్న ఆ చేపనే 1905లో దోమల కోసం హవాయి దీవులకి తీసుకెళ్ళారు. 1920ల మొదట్లో స్పెయిన్‌కి, ఇటలీకి చేరింది. ఇటలీ నుంచి 1928లో మన దేశానికి వచ్చింది. ఇంకో తొట్టి చేప గప్పీ, దక్షిణ అమెరికాది. అది ఇంకా ముందే వచ్చేసింది.

చేపకి అంత గిరాకీ రావడానికి కారణం మన పక్కనే ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా ఇచ్చారు. 1902లో రాస్‌కి నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్ తర్వాత ఏమయ్యాడో పుస్తకాలు పట్టించుకోలేదు.

దోమని పట్టుకున్నాక దోమపిల్లని తినేదేదని వెతికారు, చేప దొరికింది. మరి మన్యంలో జ్వరం 1897లో మొదలైందా? 1839 చట్టంతో గంజాం, విశాఖ కొండ ప్రాంతాలని ఏజెన్సీ అని విడదీసినప్పటి నుంచీ దొరలు ఈ కొండలంటే జ్వరాల కొండలే అన్నారు. 1879లో రంప తిరుగుబాటు అణచడానికి వచ్చిన సిపాయిల్ని మనోళ్ళ బాణాల కంటే జ్వరమే ఎక్కువ పడగొట్టింది. ఇది చెప్పుకుని మురిసిపోయేవాళ్ళున్నారు. మాకైతే మురిపెం లేదు. అదే జ్వరం మన పిల్లల్ని కూడా తీసుకుపోయింది, ఆ లెక్క మాత్రం ఎవరూ రాయలేదు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏడాదికి 7.5 కోట్ల మందికి మలేరియా, 8 లక్షల చావులు అని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలై ఇంటింటా డిడిటి కొట్టారు. 1961కి కేసులు సుమారు 50 వేలకి పడిపోయాయి. ఇక మందుండగా చేపెందుకు అనుకున్నారు. దోమలు మందుకి అలవాటుపడ్డాయి. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. అప్పుడు చేప మళ్ళీ గుర్తొచ్చింది. 1971లో పెట్టిన పట్టణ మలేరియా పథకంలోనే దానికి చోటుంది. 'పట్టణ' అన్న మాట గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

ముందు పచ్చనీళ్ళ సంగతి. నీళ్ళు పచ్చబడితే పాడైపోయాయని బ్లీచింగ్ కొట్టేస్తారు. ఆ పచ్చదనం కంటికి ఆనని నాచు. ఎండ తగిలితే పెరుగుతుంది, చేపల మలం నుంచి వచ్చే అమ్మోనియాని అదే వాడుకుంటుంది, పగలు నీళ్ళలోకి ఆక్సిజన్ వదులుతుంది. దాని మీద బతికే సన్న పురుగులే చేపపిల్లలకి తిండి. ఈ చేపలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. గప్పీ దాదాపు నెలకోసారి ఈనుతుంది. అందుకే పది చేపలు వేస్తే కొన్నాళ్ళకి తొట్టి నిండిపోతుంది. చిక్కేంటంటే, రాత్రి పూట నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లారగట్ల చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే నీళ్ళు మరీ చిక్కబడ్డాయని అర్థం. సగం తోడి కొత్త నీళ్ళు పోయాలి. కుళాయి నీళ్ళయితే ఒకరోజు ఎండలో ఉంచి పోయాలి. తొట్టిలో కొంత భాగం నీడలో ఉండాలి. పెద్ద గంబూసియా ఒక్కటే రోజుకి 100 నుంచి 300 దోమపిల్లల్ని తింటుందని మలేరియా శాఖ లెక్క. తొట్టికి ఇంతకంటే మంచి కాపలా లేదు.

కానీ తొట్టి వరకే. మన కొండల్లో మలేరియా తెచ్చే ముఖ్యమైన దోమ ఫ్లూవియాటిలిస్. అది తొట్టిలో కాదు, ఊటల్లో, మెల్లగా పారే గెడ్డ అంచుల్లో గుడ్లు పెడుతుంది. పట్నం దోమ స్టీఫెన్సై బావుల్లో, ట్యాంకుల్లో పెడుతుంది. డెంగీ దోమ కూడా నిలవ నీళ్ళదే. అంటే తొట్టి చేప పట్నం అవసరానికి కుదిరిన ఏర్పాటు. హాస్టల్లో డెంగీకి అది పనికొస్తుంది, కాబట్టి ఉంచుకుందాం. ఊళ్ళో మలేరియాకి మాత్రం దోమతెర, రక్తపరీక్ష, టైముకి మందు కావాలి. చేపలు వదిలాం కదా అని అవి ఆపితే ఒప్పుకోవద్దు.

ఇంకోటి. ఈ చేపని గెడ్డలో వదలనివ్వకండి. పారే నీళ్ళలో దోమపిల్లలతో ఆగదు. మన పరిగెల గుడ్లు, పిల్లలు, కప్పపిల్లలు అన్నీ తింటుంది. ప్రపంచంలో ఎక్కువ నష్టం చేసిన 100 పరాయి జీవుల పట్టికలో దాని పేరుంది. తొట్టి కడిగినప్పుడు ఆ నీళ్ళు కాలవలోకి కాకుండా మొక్కలకి పోయండి.

దోమపిల్లల్ని తినే చేపలు మన దేశానికీ ఉన్నాయి. అప్లోకైలస్ అనేది వరిమడుల్లో, చెరువు అంచుల్లో నీటి పైపైనే తిరుగుతుంది, నెత్తిమీద మెరిసే తెల్లచుక్క ఉంటుంది. మీ ఊరి మడుల్లో అలాంటిది ఉంటే కువిలో, కోయలో, సవరలో, మీ ఇంటి భాషలో ఏమంటారో పెద్దవాళ్ళనడిగి కింద రాయండి. ఫొటో పెడితే పైనుంచి తీసి పెట్టండి, చుక్క పక్కనుంచి కనపడదు.