వియ్యంకుడి ముందుకొచ్చిన అర్జీ

1949 ఫిబ్రవరి 10. ఢిల్లీ ఎర్రకోటలోని ప్రత్యేక కోర్టులో న్యాయమూర్తి ఆత్మచరణ్ తీర్పు చదివారు. గాంధీని చంపిన నాథూరాం గాడ్సేకూ, నారాయణ ఆప్టేకూ ఉరి. ఐదుగురికి యావజ్జీవం. నిందితుల్లో ఒకరైన సావర్కర్ నిర్దోషి. యావజ్జీవం పడ్డ ఐదుగురిలో శంకర్ కిష్టయ్య ఒకడు, అప్రూవర్‌గా మారిన బాడ్గే ఇంట్లో పనివాడు. సాక్షుల మాటలు అతనికి అర్థం కావడానికి కోర్టు వాటిని తెలుగులోకి చెప్పించాల్సి వచ్చింది. ఆ మహా విచారణలో మన భాష వినబడింది ఈ పనివాడి పుణ్యమానే. తర్వాత అప్పీలులో బయటపడ్డాడు.

గాడ్సే మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. 1948 నవంబరు 8న గంటల తరబడి వాంగ్మూలం చదివాడు. కాల్చింది తానేననీ, ఆ పనికి విచారం లేదనీ చెప్పాడు. ఉరిశిక్ష మీద అప్పీలు కూడా చేసుకోలేదు. కుట్ర లేదని, అంతా తన ఒక్కడి పనేనని వాదించడానికే సిమ్లాలో ఉన్న హైకోర్టుకెక్కాడు. అక్కడ స్వయంగా వాదిస్తుంటే ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారట. వచ్చినవాళ్లనే జ్యూరీగా కూర్చోబెడితే అతణ్ని వదిలేసేవారని, బెంచి మీదున్న జస్టిస్ ఖోస్లా తర్వాత రాశారు. హత్య జరిగి ఏడాదిన్నరైనా కాలేదు. ఆ కన్నీళ్లు గాంధీ కోసం కావు.

మరి పోగొట్టుకున్న ఇంటివాళ్లో? శిక్ష వేసేముందు వాళ్ల గోడు వినే ఆనవాయితీ అప్పటి కోర్టుల్లో లేదు. వాళ్ల చేతిలో ఉన్నది కలం ఒక్కటే. గాంధీ మూడో కొడుకు రామదాస్ జైల్లో ఉన్న గాడ్సేకే ఉత్తరం రాశాడు. చేసింది తప్పని ఒప్పించాలని ఆయన ఆరాటం. మీ కుటుంబానికి కలిగిన దుఃఖానికి బాధపడుతున్నాను, చేసిన పనికి మాత్రం కాదు అన్న ధోరణిలో జవాబొచ్చింది. గాంధీ అనుచరులు వినోబాను, మష్రూవాలాను వెంటబెట్టుకుని వెళ్లి కలవాలనుకున్నాడు రామదాస్. ఆ భేటీ జరగనేలేదు. అయినా ఆయనా, అన్న మణిలాల్ కూడా ఉరి వద్దనే కోరారు. నాన్న పేరు మీద ఒక ప్రాణం తీస్తే అది నాన్నకే అవమానమని వాళ్ల బాధ. పశ్చాత్తాపపడితేనే అన్న షరతు పెట్టలేదు. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం ఇక్కడే. ఇది ఆ ఇంటి అలవాటు కూడా. 1948 జనవరి 20న బాంబు పేల్చిన మదన్‌లాల్ పహ్వాను ద్వేషించొద్దని మర్నాడే ప్రార్థన సభలో చెప్పారు గాంధీ.

నెహ్రూ, పటేల్ ఒప్పుకోలేదు. చనిపోయింది ఒక ఇంటి పెద్ద మాత్రమే కాదు కదా, వాళ్ల లెక్కనూ కొట్టిపారేయలేం. చివరి మాట గవర్నర్ జనరల్‌ది. ఆ కుర్చీలో ఉన్నది రాజాజీ. ఆయన కూతురు లక్ష్మి గాంధీ చిన్నకొడుకు దేవదాస్ భార్య. అంటే చనిపోయిన మనిషికి సాక్షాత్తూ వియ్యంకుడు! ఆయన క్షమాభిక్షకు ఒప్పుకోలేదు.

1949 నవంబరు 15 పొద్దున అంబాలా జైల్లో ఇద్దరినీ ఉరితీశారు. శవాలు బంధువులకివ్వలేదు. జైలు గోడల లోపలే దహనం చేశారు.