పాత కంప్యూటర్‌లో కొత్త విమానం: ఫ్లైట్ సిమ్యులేటర్ చరిత్ర మనకి చెప్పేదేంటి?



మొన్న గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, నా దగ్గర పాత డెస్క్‌టాప్ ఉంది. ఫ్లైట్ సిమ్యులేటర్ నడవాలంటే ఏం మార్చాలి?" గ్రాఫిక్స్ కార్డు అని కొందరు, ర్యామ్ అని కొందరు, దాన్ని అమ్మేసి కొత్తది కొనుక్కోమని కొందరు చెప్పారు. మా రూమ్‌లో నలుగురం కలిసి ఇదే పని చేశాం. కొంత డబ్బు తగలేశాం, కొంత నేర్చుకున్నాం. నేర్చుకుంటూ పోతే ఒకటి అర్థమైంది. ఆ తమ్ముడు అడిగిన ప్రశ్నకి 40 ఏళ్ల పైనే వయసుంది. ఆ చరిత్ర తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా తెలుస్తుంది. అందుకే ఈ పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి.

ముందు కంప్యూటర్ లేని కాలం. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన తండ్రిది ఆర్గాన్లు, పియానోలు చేసే ఫ్యాక్టరీ. వాటిలో గాలి కొట్టే తోలు తిత్తులుంటాయి కదా, కొలిమి తిత్తిలాంటివి. వాటితోనే 1929లో నేల మీదే అటూ ఇటూ ఊగే ఒక చిన్న విమానం పెట్టె తయారుచేశాడు. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. జాతరలో రంగుల రాట్నంలా వినోదానికి వాడుకున్నారు. 1934లో అమెరికా సైన్యం టపా మోసే పనికి దిగింది. చెడు వాతావరణంలో ఎగరడం సరిగ్గా రాక వరసగా పైలట్లు చనిపోయారు. అప్పుడు సైన్యం ఆ పెట్టెలు 6 కొన్నది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి లక్షల మంది పైలట్లు వాటి మీదే నేర్చుకున్నారు. అంటే సిమ్యులేటర్ పుట్టింది ఆట కోసం కాదు, నేర్చుకునేటప్పుడు ప్రాణం పోకుండా ఉండటం కోసం.

తర్వాత బ్రూస్ ఆర్ట్‌విక్. ఇల్లినాయ్ యూనివర్సిటీలో చదువుతూ 1975లో కంప్యూటర్ తెర మీద విమానం నుంచి కనిపించే దృశ్యం ఎలా గీయాలో థీసిస్ రాశాడు. ఆ తర్వాత సబ్‌లాజిక్ అనే కంపెనీ పెట్టి, యాపిల్ 2 కంప్యూటర్‌కి ఫ్లైట్ సిమ్యులేటర్ తెచ్చాడు. 1980 నాటి ఆ ప్రోగ్రాం 16 కేబీ మెమరీలో నడిచేది. ఈ రోజు మన ఫోన్లో ఒక ఫొటోకి అంతకంటే ఎక్కువ చోటు కావాలి! తెర మీద కనిపించేవి ఉత్త గీతలే, అవి కూడా ఆగి ఆగి కదిలేవి. ఆర్ట్‌విక్ గొప్పతనం ఏంటంటే, ఉన్న కంప్యూటర్ ఎంత మోయగలదో చూసుకుని అంతే బరువు పెట్టాడు.

1982లో ఐబీఎం పీసీ కోసం మైక్రోసాఫ్ట్ ఆయన ప్రోగ్రాం తీసుకుంది. అప్పటి ప్రాసెసర్ వేగం 4.77 మెగాహెర్ట్జ్. ఈ ప్రోగ్రాం డాస్ సాయం లేకుండా తనే నేరుగా యంత్రంతో మాట్లాడేది. దాంతో ఒక తమాషా జరిగింది. ఐబీఎంకి నకళ్లుగా వచ్చిన కంప్యూటర్లు నిజంగా సరిపోతాయో లేదో తేల్చడానికి జనం ఈ ఫ్లాపీ పెట్టి చూసేవాళ్లు. విమానం ఎగిరిందంటే కంప్యూటర్ మంచిదన్నమాట. ఆనాటి నుంచీ ఫ్లైట్ సిమ్యులేటర్ అంటే యంత్రానికి పరీక్షే.

అందులో విమానం బయలుదేరేది చికాగోలోని మీగ్స్ ఫీల్డ్ నుంచి. సరస్సు ఒడ్డున చిన్న ఎయిర్‌పోర్టు. 2003 మార్చి 30 రాత్రి ఆ నగర మేయర్ బుల్డోజర్లు పంపి రన్‌వే తవ్వించేశాడు. తెల్లారేసరికి అక్కడ విమానం దిగే వీలు లేదు. అదే ఏడాది వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ 2004లో మాత్రం మీగ్స్ ఇంకా ఉంది. నేల మీద లేని చోటు పటంలో మిగిలింది. పోలవరం ముంపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి ఈ మాట విడిగా వివరించక్కర్లేదు.

2006లో ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ వచ్చింది. ఇక్కడ లెక్క తిరగబడింది. ఆర్ట్‌విక్ ఉన్న యంత్రాన్ని చూసి రాస్తే, వీళ్లు రాబోయే యంత్రాన్ని ఊహించి రాశారు. ప్రాసెసర్ ఒక్క కోర్ వేగం ఏటా పెరుగుతూనే ఉంటుందనుకున్నారు. కానీ కంపెనీలు వేగం పెంచడం మాని కోర్లు పెంచాయి. దాంతో కొత్త కంప్యూటర్ కొన్నవాళ్లకి కూడా అది నత్తనడకే. 2007లో సర్వీస్ ప్యాక్ వచ్చాకే నేల దృశ్యాల పని మిగతా కోర్లకి కొంత పంచారు. 2009లో ఆ బృందాన్నే మూసేశారు.

2020 ఆగస్టు 18న కొత్తది వచ్చింది. ఫ్రాన్స్‌లోని అసోబో స్టూడియో చేసింది. ఈసారి ప్రపంచమంతా ఉపగ్రహ చిత్రాలే. ఆ డేటా 2 పెటాబైట్ల పైనే, అంటే 20 లక్షల జీబీ. అది ఏ ఇంటి కంప్యూటర్లోనూ పట్టదు. కంపెనీ సర్వర్లలో ఉంటుంది. మనం ఎగురుతున్నకొద్దీ ఇంటర్నెట్‌లో వస్తూ ఉంటుంది.

ఇప్పుడు మా కథ. మాది ఆఫీసులో వాడి తీసేసిన డెస్క్‌టాప్. ఐ5-3470 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. కంపెనీ చెప్పిన కనీస అర్హత ఐ5-4460, 8 జీబీ ర్యామ్, 150 జీబీ ఖాళీ. అంటే మాది గడప కూడా దాటలేదు. అయినా మొండిగా సెకండ్ హ్యాండ్ ఆర్ఎక్స్ 570 కార్డు కొన్నాం. ఇంటికొచ్చి చూస్తే దానికి 8 పిన్నుల కరెంటు వైరు కావాలి, మా పవర్ సప్లైలో ఆ వైరే లేదు! కార్డు మూడు వారాలు అట్టపెట్టెలోనే పడుంది. పవర్ సప్లై మార్చాక ఆట తెరుచుకుంది గానీ లోడ్ అయ్యేలోపు అన్నం వండుకుని తినేయొచ్చు. ఎస్ఎస్‌డీ పెట్టి, ర్యామ్ 16 జీబీ చేశాక ఆ బాధ తీరింది. ఆ తర్వాత ఊళ్ల మీద ఎగిరినప్పుడు తడబడేది. ఆటలోనే డెవలపర్ మోడ్ ఉంటుంది, ఎక్కడ ఆగుతోందో అది చూపిస్తుంది. చూస్తే ప్రాసెసర్ దగ్గర. అదే సాకెట్‌లో పట్టే ఐ7-3770 పాతది దొరికితే వేశాం. తక్కువ సెట్టింగుల్లో ఇప్పుడు బాగానే ఎగురుతోంది.

కాబట్టి తమ్ముడూ, వరస ఇది: ముందు పవర్ సప్లై చూసుకో, తర్వాత ఎస్ఎస్‌డీ, ర్యామ్. ఆ తర్వాతే గ్రాఫిక్స్ కార్డు. ఆఖర్న ప్రాసెసర్, అది కూడా నీ మదర్‌బోర్డు ఒప్పుకుంటేనే. ఏది అడ్డుపడుతోందో తెలియకుండా దేనికీ డబ్బు పెట్టకు.

అన్నీ అయ్యాక సెలవుల్లో కంప్యూటర్ మూట కట్టుకుని ఊరికి తీసుకెళ్లాం. ఇంట్లోవాళ్లకి మా కొండల్ని పైనుంచి చూపిద్దామని. సిగ్నల్ లేదు. అడవి, వాగు, పోడు చేను ఏదీ సరిగ్గా రాలేదు. ఎక్కడో చికాగో సర్వర్‌లాంటి చోట మా కొండల చిత్రాలున్నాయి. మా కొండ మీద కూర్చున్న మాకు మాత్రం అవి కనపడవు. అమ్మ చూసి, "ఇదేనా మన ఊరు? ఇదేంట్రా మైనంలా కరిగిపోయింది" అన్నది. నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు.

ఈ చరిత్రలో అడ్డంకి ప్రతి తరంలో చోటు మారింది. మొదట మెమరీ, తర్వాత ప్రాసెసర్, తర్వాత గ్రాఫిక్స్ కార్డు. అవన్నీ పెట్టెలో ఉన్నవి. స్క్రూడ్రైవర్ ఉంటే మనమే మార్చుకోగలం. ఇప్పుడు అడ్డంకి పెట్టె బయటికి వచ్చింది. 2024 నవంబర్‌లో వచ్చిన కొత్త సిమ్యులేటర్ డిస్క్ మీద 50 జీబీ చాలంటుంది, మిగతాదంతా నెట్‌లోనే. కనీసం 10 ఎంబీపీఎస్ అడుగుతుంది. టవర్ ఏ దుకాణంలో కొంటాం? ఆట ఒక్కటే కాదు, ఆన్‌లైన్ క్లాసు, పరీక్ష దరఖాస్తు, స్కాలర్‌షిప్ ఫారం అన్నిటికీ ఇదే అడ్డు.

అంతవరకూ దారులున్నాయి. 2020 దాంట్లో కావాల్సిన ప్రాంతాన్ని టౌన్‌లో ఉన్నప్పుడే దించుకుని దాచుకోవచ్చు. ఫ్లైట్‌గేర్ అని పూర్తిగా ఉచితం ఒకటి ఉంది, పాత యంత్రం మీద కూడా నడుస్తుంది, నేల దృశ్యాలు ముందే దించుకోవచ్చు. పైలట్ అవ్వాలనుకునే చెల్లెళ్లు, తమ్ముళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇంట్లో ఆడిన గంటలు లైసెన్సు లెక్కలోకి రావు. మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకి ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, 200 గంటలు నిజంగా ఎగరాలి. కానీ కాక్‌పిట్‌లో ఏ ముల్లు ఏం చెబుతుందో ఇక్కడే భయం లేకుండా నేర్చుకోవచ్చు. లింక్ పెట్టె పుట్టింది దానికే కదా.

పాత కంప్యూటర్లు ఉన్నవాళ్లు కింద మోడల్ రాయండి, ఏం మార్చాలో కూర్చుని చూద్దాం. సిగ్నల్ లేని ఊళ్ల పేర్లు కూడా రాయండి. పెట్టె సంగతి మనం చూసుకుంటాం. టవర్ సంగతి అందరం కలిసి అర్జీ పెట్టి అడుగుదాం.