మీవాడే గదా రాష్ట్రపతి!

రాష్ట్రపతి ఎన్నికలో మాకు ఓటు లేదు. ఎవరికీ లేదు లెండి, ఎమ్మెల్యేలకూ ఎంపీలకూ తప్ప. కాని ఒక ముసల్మాను రాష్ట్రపతి అయిన రోజున అభినందనలు మాత్రం మాకే అందుతాయి. "ఏం సాయిబూ, మీవాడే గదా రాష్ట్రపతి, ఇంకేం కావాలి?" అంటారు. ఆ మాటలో సగం ప్రేమ ఉంటుంది, సగం లెక్క ఉంటుంది. ఇవ్వాల్సింది ఇచ్చేశాం, చెల్లు అని రసీదు రాసి చేతిలో పెట్టినట్టుంటుంది.

సుమ్మాదేవి లాంటి చోట ఈ రసీదు మరీ వింతగా ఉంటుంది. పలాస దాటాక, మందస రోడ్డుకు ముందు వచ్చే చిన్న స్టేషను అది. మద్రాసు-హౌరా మెయిళ్లు ఆగకుండా దూసుకుపోతాయి. చుట్టూ కొబ్బరి, జీడి, పనస తోటల ఉద్దానం. శ్రీకాకుళం జిల్లా మొత్తంలో ముస్లింలు నూటికి ఒక్కరు కూడా లేరు. కర్నూల్లోనో హైదరాబాదు పాతబస్తీలోనో అయితే ఓట్ల కోసమైనా ఇఫ్తారు విందులిస్తారు. ఇక్కడ మా ఓటు ఏ పార్టీ కూడికలోకీ రాదు, తీసివేతలోకీ రాదు. మేం జనానికి గుర్తొచ్చేది మూడు సందర్భాల్లో: పాకిస్తాన్‌తో క్రికెట్ మ్యాచి, ఎక్కడో పేలిన బాంబు, ఢిల్లీలో రాష్ట్రపతి.

మరి ఈ "మీవాడు" అన్న మాట ఎంత తూగుతుందో తూచి చూడాలి గదా. తూకపురాళ్లు దూరం నుంచి తేనక్కర్లేదు, మన చరిత్రలోనే ఉన్నాయి.

1967 ఎన్నికల్లో కాంగ్రెస్ మొదటిసారి గట్టిదెబ్బ తింది. చాలా రాష్ట్రాల్లో అధికారం జారిపోయింది. అందుకని ఆ మే నెలలో వచ్చిన రాష్ట్రపతి ఎన్నిక నిజమైన పోటీ అయింది. కాంగ్రెస్ తరఫున డాక్టర్ జాకిర్ హుస్సేన్, ప్రతిపక్షాల తరఫున కోకా సుబ్బారావు. జాకిర్ సాబ్ 1897లో హైదరాబాదులో పుట్టారు. సుబ్బారావుగారిది రాజమండ్రి. తెలుగు ముసల్మాను ఎటు నిలబడాలి? తెలుగు వైపా, ముసల్మాను వైపా? ఈ ప్రశ్న వేసేవాళ్లకు మనిషిని రెండుగా కోయడం చాలా తేలిక.

ముస్లింను నిలబెట్టి ఓడగొట్టుకుంటే ప్రపంచంలో పరువేంగాను అన్నవాళ్లు కొందరు. ముస్లిం కాబట్టే నిలబెట్టారు అన్నవాళ్లు కొందరు. జామియా మిల్లియా కోసం ఇరవై ఏళ్లకు పైగా చాలీచాలని జీతంతో ఆయన చేసిన చాకిరీ, గాంధీజీ నయీ తాలీమ్ కోసం ఆయన అధ్యక్షతన తయారైన చదువుల పథకం, 1947లో జలంధర్ రైల్వేస్టేషన్లో మతోన్మాదుల చేతుల్లో చావు తప్పించుకున్న మనిషి మళ్లీ పిల్లలకు పాఠం చెప్పడానికే కూర్చున్న నిబ్బరం, ఇవన్నీ పక్కకు పోయాయి. పేరొక్కటే మిగిలింది.

అవతలివైపు సుబ్బారావుగారికీ అదే జరిగింది. ఆయనను కాంగ్రెస్ వ్యతిరేకిగానే చూశారు గాని, ఆయన కలం చూసినవాళ్లు తక్కువ. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే మనిషిని బందిపోటు కేసులో పట్టుకున్నారు. సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశాక పోలీసులు హిస్టరీ షీటు తెరిచారు. అర్ధరాత్రి తలుపు తట్టి ఇంట్లో ఉన్నాడో లేదో చూసుకునేవాళ్లు, ఎక్కడికెళ్తే అక్కడికి వెంటపడేవాళ్లు. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు రాత్రిపూట తలుపు తట్టడం ఒక్కటే తప్పంది, మిగతా నిఘా చెల్లుతుందంది. సుబ్బారావు ఒప్పుకోలేదు. జస్టిస్ షాతో కలిసి వేరే తీర్పు రాశారు. నీడలా పోలీసు వెంట ఉంటే మనిషి నడిచినా అది స్వేచ్ఛ కాదన్నది అందులోని సారం.

ఇది ఎవరి గొడవ? రాజమండ్రి వాళ్లదా? 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి నమాజుకొచ్చినవాళ్లు చచ్చిపోతే, పోలీసులు పట్టుకుపోయింది మళ్లీ మా కుర్రాళ్లనే. తర్వాత వాళ్లు నిర్దోషులని తేలింది. నిర్దోషి అని తేలాక కూడా ఎవరి కంట్లో పడకుండా బతకాలో ఆ కుర్రాళ్ల తల్లుల్నడగండి, ఖరక్ సింగ్ ఎవరో వాళ్లకు చెప్పకపోయినా అర్థమవుతుంది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కే అని చెప్పినప్పుడు ఖరక్ సింగ్ కేసులో పాత మెజారిటీ మాటను తోసేసి సుబ్బారావు మాటను నిలబెట్టింది. అంటే మాకు ఎక్కువ పనికొచ్చే వాక్యం రాసింది మా పేరు లేనివాడు.

అలాగని సుబ్బారావుకు హారతి పట్టేద్దామా? అదీ కుదరదు. 1967 ఫిబ్రవరి 27న ఆయన గోలక్‌నాథ్ తీర్పిచ్చారు. ప్రాథమిక హక్కుల్ని కుదించే అధికారం పార్లమెంటుకు లేదన్నారు. వినడానికి చాలా బాగుంటుంది. కాని ఆ కేసు వేసింది పంజాబులో అయిదు వందల ఎకరాల పైచిలుకు భూమి ఉన్న కుటుంబం. ఆస్తిహక్కు అప్పటికి ప్రాథమిక హక్కు. షావుకారు దగ్గర పాలేరుతనం చేసే ఉద్దానం మనిషికి ఆ తీర్పు ఇచ్చిందేమిటి? పైగా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కుర్చీ లోంచి లేచి నేరుగా ఎన్నికలో దిగడం తగదని అప్పుడే విమర్శించారు. నాకూ తగదనే అనిపిస్తుంది. నాకే ఓటుంటే జాకిర్ సాబ్‌కే వేసేవాణ్ణేమో. వేస్తే ఆ జామియా చాకిరీకి వేసేవాణ్ణి.

జాకిర్ సాబ్‌కు 4,71,244 ఓట్ల విలువ వచ్చింది, సుబ్బారావుకు 3,63,971. విలువ అని ఎందుకంటున్నానంటే ఈ ఎన్నికలో మనుషుల్ని లెక్కపెట్టరు. అప్పట్లో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు 125, ఎంపీ ఓటు 576. ఆ ఏడే శ్రీకాకుళం లోక్‌సభ స్థానం స్వతంత్ర పార్టీకి దక్కింది. బారువలో పుట్టిన గౌతు లచ్చన్నను చూసి జనం వేశారు. గీతకార్మికుడి పక్షం, రైతు పక్షం అని వేశారు. ఆ పార్టీ రాష్ట్రపతి ఎన్నికలో సుబ్బారావు పక్షాన నిలబడింది. గోలక్‌నాథ్ పేరు వినని గీతకార్మికుడి ఓటు అలా గోలక్‌నాథ్ వైపు నడిచి వెళ్లింది. ఎవరూ అతన్ని మోసం చెయ్యలేదు. అడగలేదు, అంతే.

రెండేళ్లకే, 1969 మే 3న, పదవిలో ఉండగానే జాకిర్ సాబ్ పోయారు. ఆ మే నెల ఉద్దానానికి వేరే కారణంగా గుర్తుంది. 27న సోంపేట దగ్గర జలంత్రకోట వైపు పంచాది కృష్ణమూర్తినీ, ఆయనతో ఉన్న మరో ఆరుగురినీ పోలీసులు కాల్చి చంపారు. పలాస దగ్గరి బొడ్డపాడు కుర్రాళ్లు అప్పటికే అడవి దారి పట్టారు. ఏప్రిల్ 22న పుట్టిన సీపీఐ ఎంఎల్ ఎన్నికలను బహిష్కరించమంది. ఓటు మీద విరక్తి అంటే ఇవాళ పోలింగు రోజు ఇంట్లో టీవీ చూడడం. అప్పుడు ఇక్కడ దానర్థం ఇల్లు వదిలి కొండెక్కడం. ఆ దారి సరైనదా కాదా అన్నది వేరే వ్యాసం. కాని వాళ్లను బద్ధకస్తులని మాత్రం ఎవరూ అనలేరు.

సరిగ్గా ఆ వేసవిలోనే ఢిల్లీలో రాష్ట్రపతి కుర్చీ కోసం ఇద్దరు తెలుగువాళ్లు తలపడ్డారు. కాంగ్రెస్ అధికార అభ్యర్థి అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి. స్వతంత్రుడిగా నిలబడింది వరాహగిరి వెంకటగిరి. గిరి మనకు పరాయివాడు కాడు. సుమ్మాదేవి నుంచి ఇచ్ఛాపురం దాటి రైలు ఆగే బరంపురంలో పుట్టారు. 1952లో మన పాతపట్నం స్థానం నుంచే లోక్‌సభకెళ్లి కార్మికమంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం కుదించిందని 1954లో పదవి వదిలేశారు. ఇలాంటి రాజీనామాలు ఈ దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టాలి. ఉపరాష్ట్రపతిగా ఉంటూ, తాత్కాలిక రాష్ట్రపతి హోదాలో 1969 జులై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి, మర్నాడు రాజీనామా చేసి పోటీలోకొచ్చారు.

అదీ గిరి ఒక ముఖం. రెండోది పార్వతీపురంలో ఉంది. 1957లో అది ఇద్దరు సభ్యుల లోక్‌సభ స్థానం, ఒకటి జనరల్, ఒకటి గిరిజనులకు. ఓట్లు లెక్కపెడితే మొదటి ఇద్దరూ గిరిజనులే వచ్చారు. స్వల్పతేడాతో గిరి వెనకపడ్డారు. జనరల్ సీటు కూడా దిప్పల సూరి దొర అనే ఆదివాసీకి దక్కింది. గిరి కోర్టుకెక్కారు. రిజర్వుడు సీటుకు నిలబడ్డవాడికి జనరల్ సీటెలా ఇస్తారన్నది ఒక వాదం. ఇంకో వాదం ఇంకా చిత్రం: సూరి దొర క్షత్రియుల ఆచారాలు పాటిస్తున్నాడు కాబట్టి అతను ఆదివాసీయే కాదట! ఓట్లు తక్కువొచ్చి ఓడినప్పుడు ఎదుటివాడి పుట్టుకను విచారించే ఈ పద్ధతి మాకు కొత్త కాదు. "నువ్వు అసలు ఈ దేశంవాడివేనా" అన్నదీ ఆ వరసలోదే. 1959లో సుప్రీంకోర్టు గిరి వాదాన్ని కొట్టేసింది. గిరిజనుడు జనరల్ సీటులోనూ గెలవొచ్చంది. 1961లో ప్రభుత్వం ఇద్దరు సభ్యుల స్థానాలనే రద్దు చేసేసింది.

కార్మికుల కోసం మంత్రి పదవి వదిలినవాడూ, ఆదివాసీ గెలుపును కోర్టులో సవాలు చేసినవాడూ ఒకే మనిషి. పార్వతీపురం ఏజెన్సీలో సవరలూ జాతాపులూ తుపాకుల మధ్య బతుకుతున్న ఏడాదిలో ఆయన ఓటడిగారు. ఆ తూకం ఎమ్మెల్యేలెవరూ వేయలేదు. ఇందిరాగాంధీ వైపా, సిండికేట్ వైపా అన్నదే చూశారు. అంతరాత్మ ప్రబోధం ప్రకారం వెయ్యమన్నారు ఆవిడ. అంతరాత్మలు కూడా గ్రూపుల ప్రకారమే ప్రబోధించాయి.

ఈ గొడవంతా నడుస్తున్నప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఎవరున్నారో చాలామందికి గుర్తుండదు. జులై 20 నుంచి ఆగస్టు 24 దాకా తాత్కాలిక రాష్ట్రపతి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి మహమ్మద్ హిదాయతుల్లా. బ్యాంకుల జాతీయీకరణ బిల్లు చట్టమైంది ఆగస్టు 9న ఆయన సంతకంతోనే. అప్పుడెవరూ "మీవాడే" అని మాకు చాయ్ పోయించలేదు. ఓట్ల పండక్కి ఎన్నుకున్న ముసల్మాను కాదుగా, రాజ్యాంగం ప్రకారం వచ్చినవాడు.

ఆగస్టు 16న పోలింగ్. మొదటి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, స్వతంత్ర, జనసంఘ్‌లు నిలబెట్టిన సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్యం ఓట్లు పంచితే గిరి 4,20,077, రెడ్డి 4,05,427. తేడా 14,650. అంటే పాతికమంది ఎంపీల ఓట్లు. గెలిచింది తెలుగువాడు, ఓడింది తెలుగువాడు. మరుసటి ఏడు జులై 10న వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయారు. శాంతిభద్రతలు రాష్ట్రానివి అంటారు, నిజమే. వచ్చిన సీఆర్‌పీ మాత్రం కేంద్రానిది.

1974లో ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ వచ్చారు. మళ్లీ "మీవాడే". 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ కాగితం మీద సంతకం పెట్టింది ఆ చెయ్యే. ఢిల్లీలో తుర్క్‌మన్ గేట్ దగ్గర ముసల్మానుల ఇళ్లు బుల్డోజర్లతో కూల్చి కాల్పులు జరిపిన 1976 ఏప్రిల్లోనూ ఆయనే రాష్ట్రపతి. ఇక్కడ 1975 డిసెంబరు 1న భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీసినప్పుడూ ఆయనే. దీని గురించి ఎక్కువ రాయాలనిపించదు.

2002లో అబ్దుల్ కలాం. గుజరాత్ మంటలు మొదలై అప్పటికి అయిదు నెలలు కాలేదు. ఆ కేంద్ర ప్రభుత్వానికి బయటినుంచి మద్దతిస్తున్న తెలుగుదేశమూ, ఇటు కాంగ్రెస్సూ కలిసి వేసిన ఓటది. 9,22,884 కలాంకు, వామపక్షాలు నిలబెట్టిన ఆజాద్ హింద్ ఫౌజు డాక్టరు లక్ష్మీ సెహగల్‌కు 1,07,366. కలాం ఆ ఆగస్టులోనే గుజరాత్ శిబిరాలకు వెళ్లారు, ఆ మేరకు ఆయన్ను మెచ్చుకోవాలి. కాని ఆ జులైలో మాకందిన రసీదు గుజరాత్ బాకీకి కూడా చెల్లు రాసేసింది.

2022లో ద్రౌపది ముర్ము పోటీ చేసినప్పుడు ఆ రసీదు మందస కొండల్లోని సవరలకు వెళ్లింది. ఆవిడ సంతాలీ, మయూర్‌భంజ్ మనిషి. వీళ్ల భాష వేరు. అయినా "మీ ఆవిడే గదా" అన్నారు. ఏ ఒక్క విషయంలోనూ కలవని వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం ఆ ఒక్క రోజున కలిసి ఆవిడ వైపు నిలబడ్డాయి. ఎదురుగా ఉన్న యశ్వంత్ సిన్హా ఏం చెబుతున్నారో ఇక్కడెవరూ వినలేదు, వినే పనీ పెట్టలేదు.

ఆ ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159. అదీ 1971 నాటి జనాభాతో కట్టిన లెక్క. ఓటు రహస్యం, పార్టీ విప్ జారీ చెయ్యడానికి లేదు. చట్టప్రకారం ఆ 159 పలాస ఎమ్మెల్యేది పలాస ఎమ్మెల్యే సొంతం. కాని జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు రోడ్ల గురించి అడుగుతారు, కిడ్నీ జబ్బు గురించి అడుగుతారు, పింఛను గురించి అడుగుతారు. ఆ 159 ఎటు, ఎందుకు అని ఇంతవరకు ఎవరూ అడిగినట్టు నేను వినలేదు. 2024లో గెలిచినవాళ్ల చేతిలో అది 2027 జులైలోగా మళ్లీ పడాలి.